దయ్యానికి కావలసిన గుడ్డ: నల్లగొండలో ఒక నాటక సామాను దుకాణం

నల్లగొండలో నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణం ఇంకా ఒకటి బతికే ఉంది. ప్రకాశం బజారు దాటి లోపలి సందులోకి తిరిగితే, బియ్యం కొట్టు పైన మేడ మీద రెండు గదులు. బోర్డు లేదు. మెట్ల దగ్గర గోడకు వేలాడదీసిన పాత గద ఒక్కటే గుర్తు. కిరీటాలు, భుజకీర్తులు, రాముడి విల్లు, నారదుడి తంబుర, పోలీసు దుస్తులు, లాయరు కోటు, బడి వార్షికోత్సవాలకు కావలసిన పులి తలలు అన్నీ ఉంటాయి. నేను వాటి కోసం వెళ్లలేదు. నాకు కావలసింది ఎక్టోప్లాజం, అంటే ఆత్మలు ఒళ్లు తెచ్చుకునే పదార్థమని ఒకప్పుడు నమ్మిన తెల్లటి వస్తువు. అది అక్కడ దొరికింది, డబ్బు పోసి తెప్పించుకున్న దానికంటే ఎంతో మేలైనది దొరికింది. నాటకాలు వేసేవారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. సెలవుల్లో పిల్లలను, వాళ్ల అన్నలను, అక్కలను కూడగట్టి ఊళ్లలో నాటకాలు వేయిస్తాను. బాణామతి, చేతబడి, దయ్యం పట్టడం, ఇవే మా విషయాలు. చేతబడి చేశాడన్న అనుమానంతో మనిషిని కొట్టి చంపిన వార్తలు మన ప్రాంతపు పత్రికల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి ఈ పని ఆపే ఉద్దేశం నాకు లేదు. ఈసారి మాత్రం కథను మన ఊళ్లో పెట్టలేదు, లండన్‌లో పెట్టాను. ఆత్మలను రప్పిస్తానని చెప్పుకునే హెలెన్ డంకన్ అనే స్కాట్లండ్ స్త్రీని 1931లో హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు పరీక్షించిన గది మా రంగస్థలం. మన ఊరి మంత్రగాడిని చూపిస్తే ప్రేక్షకుల్లో సగం మంది ‘ఇది ఫలానావాడి గురించే’ అని గుసగుసల్లో పడతారు. సముద్రాల అవతలి మనిషి అయితే నింపాదిగా చూస్తారు, నింపాదిగా ఆలోచిస్తారు.

ఎక్టోప్లాజం సంగతి తెలియనివారికి నాలుగు మాటలు చెప్పాలి. 1848లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్ అనే పల్లెలో, ఫాక్స్ అక్కచెల్లెళ్ల ఇంట్లో టకటకమని చప్పుళ్లు వినిపించాయి. చనిపోయినవారితో మాట్లాడే ఉద్యమం అక్కడి నుంచే పాకింది. కాలివేళ్ల కీళ్లు విరిచి ఆ చప్పుళ్లు చేశామని 1888లో మార్గరెట్ ఫాక్స్ సభలోనే చేసి చూపించింది, కానీ అప్పటికే ఉద్యమం ఆమె చేయి దాటిపోయింది. మొదట్లో ఆత్మలు బల్ల మీద కొట్టేవి, బల్ల కదిపేవి. రానురాను చూసేవారికి చప్పుడు చాలలేదు. కంటికి కనబడాలి, చేతికి తగలాలి. అప్పుడు వచ్చింది ఈ పదార్థం. ఆత్మలకూ బతికున్నవారికీ మధ్యవర్తిగా కూర్చున్న మనిషి నోట్లోంచో ముక్కులోంచో చెవిలోంచో తెల్లటిది ఒకటి సాగి బయటికొచ్చి, చేయిగా, ముఖంగా, కొన్నిసార్లు నిలువెత్తు మనిషిగా మారుతుందని చెప్పారు. దానికి ఎక్టోప్లాజం అన్న పేరును వాడుకలోకి తెచ్చినవాడు షార్ల్ రిషే. ఆయన అల్లాటప్పా మనిషి కాదు, 1913లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఫ్రెంచి శాస్త్రవేత్త.

ఈ పదార్థాన్ని వేదిక మీద చూపించాలి. చూపించడమంటే భయపెట్టడం కాదు. నాటకం మొదటి సగంలో ప్రేక్షకులు దాన్ని నమ్మాలి, రెండో సగంలో అదేమిటో తమ చేత్తో పట్టుకుని చూడాలి. ముందు నేను ఆన్‌లైన్‌లో ‘దయ్యం గుడ్డ’ పేరుతో అమ్మే నైలాన్ వలను తెప్పించాను. ధర 900 రూపాయలు. అది దండగ. దీపం పడగానే తళుక్కుమంటుంది, ముడిస్తే విచ్చుకుంటుంది, కదిలిస్తే చిటపటలాడుతుంది, నీళ్లలో ముంచితే నీళ్లు జారిపోతాయి. శవం మీదా పసిబిడ్డ మీదా ఎవరూ కప్పని సరుకు అది. ఈ మాట ఎందుకన్నానో కిందికి వస్తే తెలుస్తుంది.

దుకాణం నడిపే పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. ఒకప్పుడు పద్యనాటకాల్లో స్త్రీ పాత్రలు వేశారట. ఇప్పుడు లెక్కలు కొడుకు చూసుకుంటాడు, సామాను ఎంపిక మాత్రం ఆయనదే. నేను అడిగిన మొదటి మాటకే ఆయన వేసిన ప్రశ్న చూడండి.

“దేవుడికా, దయ్యానికా టీచరమ్మా?”

“రెండూ కాదు కాకా. మనిషి నోట్లోంచి వస్తుంది. చూసేవాళ్లు దాన్ని చచ్చిపోయిన కొడుకు అనుకోవాలి.”

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయితే ముందు గుడ్డ చూద్దాం, పొగ తర్వాత” అన్నారు. కొడుకు అప్పటికే పొగ యంత్రాన్ని బల్ల మీద పెట్టి తీగ కలుపుతున్నాడు. నేను రెండూ తీసుకున్నాను. ముందు పొగ సంగతి చెబుతాను, దాని గురించి చెప్పవలసింది తక్కువ.

పొగ యంత్రం అద్దె రోజుకు 700 రూపాయలు, లోపల పోసే ద్రవానికి అదనంగా 250. నీళ్లలో గ్లైకాల్ కలిపిన ద్రవాన్ని వేడి చేసి ఊదుతుంది. వేడిగా వస్తుంది కాబట్టి పొగ పైకి లేస్తుంది, నేల మీద పరుచుకోదు. నేలబారుగా పాకే పొగ కావాలంటే డ్రై ఐస్ వాడాలి. గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు అది. సున్నాకు దిగువన 78 డిగ్రీల చలిలో ఉంటుంది, నీళ్లలో వేస్తే బరువైన తెల్లటి పొగమంచు కిందికే జారుతుంది. అది ఈ దుకాణంలో దొరకదు, హైదరాబాదు నుంచి పెట్టెలో తెచ్చుకోవాలి. మూసిన గదిలో వాడితే ఊపిరాడదు కాబట్టి పిల్లల నాటకాలకు నేను సిఫారసు చేయను. ఈ యంత్రం నాజిల్ కారుతోంది, ద్రవం వాసన ఘాటుగా ఉంది, ముందు వరుస పిల్లలు దగ్గారు. అడిగితే కొడుకు ‘అన్నీ ఇలాగే ఉంటాయి మేడమ్’ అన్నాడు. అన్నీ ఇలాగే ఉండవు.

అయినా నేను పొగను పక్కన పెట్టడానికి అసలు కారణం నాజిల్ కాదు. పానగల్లులో మొదటి ప్రదర్శన. మధ్యవర్తి పాత్ర వేసిన అమ్మాయి కుర్చీలో తల వాల్చింది, ఎర్ర దీపం వెలిగింది, పొగ లేచింది. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ముసలమ్మలు చటుక్కున చేతులు జోడించారు. ఒకావిడ లేచి నిలబడి దండం పెట్టుకుంది. వాళ్ల తప్పేమీ లేదు. మన నాటకాల్లో, జాతరల్లో పొగ లేచిందంటే దేవుడో దేవతో వస్తున్నట్టు. శివసత్తులకు పూనకం వచ్చేది సాంబ్రాణి ధూపంలో. పసిబిడ్డకు తలంటు పోసి సాంబ్రాణి వేస్తారు. దయ్యం పట్టిందన్న మనిషి ముందు ఊదు వేసేది దయ్యాన్ని రప్పించడానికి కాదు, వెళ్లగొట్టడానికి. ఎండుమిర్చి పొగ పెట్టి మనుషుల ఊపిరితిత్తులు పాడుచేసే దుర్మార్గం కూడా ఆ నమ్మకం నుంచే వచ్చింది. మన దగ్గర పొగకు దేవత వస్తుంది, దయ్యం పారిపోతుంది. ఐరోపాలో దీనికి తలకిందులు. 1798లో పారిస్‌లో రాబర్ట్‌సన్ అనే పేరుతో ప్రదర్శనలిచ్చినవాడు చీకటి గదిలో పొగ మీదికి లాంతరు బొమ్మలు వేసి చనిపోయినవారిని లేపినట్టు చూపించాడు. అప్పటి నుంచి అక్కడ పొగ అంటే ప్రేతం. అదే బొమ్మ సినిమాలతో మన పట్నాలకు వచ్చింది గానీ పానగల్లు ముసలమ్మల దాకా రాలేదు, రానక్కరలేదు కూడా. లండన్ కథను మన ఊళ్లో చెప్పాలంటే ఏ వస్తువు రెండు చోట్లా ఒకే మాట చెబుతుందో వెతకాలి. పొగ చెప్పదు. గుడ్డ చెబుతుంది.

ఇప్పుడు గుడ్డ. పెద్దాయన లోపలి గదిలోంచి ట్రంకు పెట్టె లాగి, నాలుగైదు రకాలు తీసి నేల మీద పరిచారు. ఆస్పత్రిలో కట్టు కట్టే గాజుగుడ్డ, దోమతెర గుడ్డ, జార్జెట్ దుపట్టా, పాత పట్టు ముక్క, పల్చటి నూలు మల్లు గుడ్డ. ఆయన పుట్టింది నేతపని ఇంట్లో, గట్టుప్పల్ వైపు. గుడ్డను కళ్లతో చూడరు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తారు. గాజుగుడ్డ దారాలు మరీ ఎడం, దీపం వెనక పడితే పిల్లవాడి చేతివేళ్లు కనబడతాయన్నారు. జార్జెట్‌కు ‘పెళ్లికళ’ ఉందని పక్కన పెట్టారు. చివరికి మల్లు దగ్గర ఆగారు.

తర్వాత ఆయన చేసిన పని నేను రాసిపెట్టుకోవలసింది. కొత్త మల్లులో గంజి ఉంటుంది, అందుకే నిక్కబొడుచుకుంటుంది. ఆ గంజిని వేడినీళ్లలో రెండు మార్లు పోగొట్టారు. నీడలో ఆరబెట్టారు. మళ్లీ తడిపి, నీళ్లు కారనంత పిండి, నిలువుగా సన్నని మడతలు పెట్టుకుంటూ వచ్చారు. రెండు గజాల గుడ్డ ఆయన పిడికిట్లో దూరిపోయింది. పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి, చిటికెన వేలితో ఒక కొసను మాత్రం వదిలారు. తడి బరువుకు గుడ్డ తనంతట తానే దిగడం మొదలుపెట్టింది. కాసేపు ఆగుతుంది, మళ్లీ ఒక మడత విడుతుంది, జానెడు సాగుతుంది. గడ్డం మీదుగా, ఛాతీ మీదుగా ఒడిలోకి. నాకు అప్పటికి అన్నీ తెలుసు, గంజి పోగొట్టడం దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. అయినా ఒళ్లు జలదరించింది. పొడిగుడ్డ అయితే జారి పడిపోయేది. తడిది బతికి ఉన్నట్టు దిగుతుంది. ఎక్టోప్లాజాన్ని ముట్టుకున్నవారు చల్లగా, తేమగా, జిగటగా ఉందని రాశారు. తడిపిన పల్చటి గుడ్డ చేతికి అలాగే తగులుతుంది.

హెలెన్ డంకన్ చేసిందీ ఇదేనని హ్యారీ ప్రైస్ తేల్చాడు. పల్చటి నూలుగుడ్డను ముందుగా మింగి, కూర్చున్నాక మళ్లీ నోట్లోకి తెచ్చుకునేదని ఆయన నిర్ధారణ. ఎక్స్‌రే తీస్తామంటే ఆమె కేకలు పెడుతూ వీధిలోకి పరుగెత్తింది. అప్పటి ఫొటోలను ఫోనులో పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

“ఇక్కడ చూడండి టీచరమ్మా, అంచు కనబడుతోంది. మగ్గం మీద నేసిన దానికే ఇలా అంచు ఉంటుంది. ఇక్కడ చిరుగు. ఆత్మ చిరుగుతుందా?”

ప్రైస్ నివేదిక బయటపెట్టిందీ అదే: గుడ్డ అంచు, చిరుగులు, మడతల గీతలు. నేతపని తెలిసిన మనిషికి ఒక్క చూపు చాలింది. ఈ మాటను నాటకంలో పెట్టుకోవచ్చా అని అడిగితే నవ్వి ఒప్పుకున్నారు. ఇప్పుడు మా నాటకంలో ప్రైస్ పక్కన ఒక నేతగాడి పాత్ర ఉంది. చరిత్రలో లేడు, మాకు కావాలి.

మిగతా మధ్యవర్తులూ ఇళ్లలో దొరికే సరుకే వాడారు. ఇవా సి అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన ఫ్రాన్స్ అమ్మాయి ఒంటి నుంచి వచ్చిన ముఖాల్లో ఒకదాని వెనుక భాగం ఫొటోలో పడింది. దాని మీద ‘ల మిరో’ అనే అక్షరాలున్నాయి. అవి ‘ల మిరువార్’ అనే పత్రిక పేరులోవి, ముఖాలు ఆ పత్రికల్లోంచి కత్తిరించినవి. జర్మనీ వైద్యుడు ష్రెంక్ నోట్సింగ్ ఆ ఫొటోలతో 1914లో పెద్ద పుస్తకమే వేశాడు. బోస్టన్‌లో మార్జరీగా పేరుపడ్డ మీనా క్రాండన్ ఒంటి నుంచి వచ్చిన ‘చేయి’ జంతువు ఊపిరితిత్తుల కండ నుంచి కోసి చేసిందై ఉంటుందని చూసిన జీవశాస్త్రజ్ఞులు చెప్పారు. 1933లో ఎడిన్‌బరోలో డంకన్ చూపించిన ‘పెగ్గీ’ అనే చిన్నపిల్ల ఆత్మను ఒకామె గట్టిగా పట్టుకుంటే లోపలి బనీను చేతికి వచ్చింది. కోర్టు పది పౌండ్ల జరిమానా వేసింది. డంకన్ దగ్గర పట్టుబడిన ఎక్టోప్లాజం ముక్క ఒకటి ఈనాటికీ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అదీ గుడ్డే.

ఇదంతా మోసం అని తేల్చి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంతమంది తెలివైనవారు గుడ్డను చూసి గుడ్డ అనుకోకపోవడానికి కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకులను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ చీకటి గదుల్లో కూర్చున్నారు. భౌతికశాస్త్రంలో పెద్ద పేరున్న ఆలివర్ లాడ్జ్ కొడుకు రేమండ్ 1915లో యుద్ధంలో చనిపోయాడు. షెర్లాక్ హోమ్స్ కథల రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ కొడుకు కింగ్స్‌లీ యుద్ధంలో గాయపడి 1918లో జబ్బుతో పోయాడు. పరాయి నేలలో పాతిపెట్టిన కొడుకులు, కొందరి శవాలు దొరకనే లేదు. చివరిసారి ముట్టుకునే వీలు లేకుండా పోయినవారికి ముట్టుకునే పదార్థం కావాలి. అది తూకానికి, ఫొటోకు దొరకాలి, ఎందుకంటే అది విజ్ఞానశాస్త్రపు కాలం. అందుకే ఆత్మకు పదార్థం పుట్టింది, అందుకే అది ఆడవాళ్ల ఒంటిలోంచి పుట్టింది. తెల్లగా, తడిగా, నొప్పులు పడుతున్నట్టు మూలిగే ఆడమనిషి నుంచి సాగుతూ బయటికొచ్చి, ఆమెకు బొడ్డుతాడుతో అంటుకుని ఉన్నట్టు వేలాడుతూ, ముఖం తెచ్చుకునేది ఏమిటి? ఆ ఫొటోలు చూసిన ఏ తల్లికైనా పురుడు గుర్తొస్తుంది. మళ్లీ ఆ గుడ్డే ముఖం మీదికి జారితే శవం మీద కప్పింది గుర్తొస్తుంది. పుట్టినప్పుడు చుట్టేదీ పోయినప్పుడు కప్పేదీ ఒకటే కావడం వల్లనే ఆ ఒక్క తెల్లదనంలో రెండు అర్థాలూ పట్టాయి. నైలాన్ వలకు ఇది చేతకాదు.

ఈ మాట నా ఒక్కదానిది కాదు. రెండో ప్రదర్శన నుంచి నాటకం అయ్యాక మల్లు గుడ్డను ప్రేక్షకుల్లోకి పంపుతున్నాం. కనగల్లు దగ్గర ఒక ఊళ్లో అది చేతులు మారుతూ వెళ్లి ఒక పెద్దావిడ దగ్గర ఆగింది. ఆవిడ మంత్రసానిగా పనిచేసిన మనిషి. గుడ్డను చెంపకు ఆనించుకుని, “ఇది పురుటి గుడ్డ కదమ్మా, దీన్ని చూసి దయ్యమని ఎందుకు భయపడ్డారు వాళ్లు?” అని అడిగింది. భయపడలేదమ్మా, ఆశపడ్డారు అని చెప్పాను.

మన సంప్రదాయంలో ఈ పదార్థం సంగతి ఏమిటని పిల్లలు అడిగారు. దీనికి నేను తీరిగ్గా జవాబు చెప్పాను, ఎందుకంటే నాటకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. సావిత్రి కథలో యముడు సత్యవంతుడి ఒంట్లోంచి బొటనవేలంత మనిషిని పాశంతో లాగుతాడు. ఆ బొటనవేలంత దానికి ఇక్కడ ఒళ్లు లేదు. ఒళ్లు ఎవరిస్తారు? గరుడపురాణం ప్రకారం పది రోజులు పెట్టే పిండాలతో ప్రేతానికి అవయవాలు ఒక్కొక్కటే ఏర్పడతాయి, మొదటి రోజు పిండంతో తల. అంటే మన దగ్గర ప్రేతపు పదార్థం అన్నం. మన ఊళ్లలో పిట్టకు పెట్టినప్పుడు కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎండలో నిలబడి చూడటం అందరికీ తెలుసు. లండన్‌లో గుడ్డ, ఇక్కడ అన్నం. రెండు చోట్లా పోయినవారికి ఒళ్లు ఇవ్వవలసింది బతికున్నవారే, తమ ఒంట్లోంచో తమ కుండలోంచో. తేడా ఒకటే. పిండం పెట్టే కొడుకు అది అన్నమేనని తెలిసే పెడతాడు. డంకన్ దగ్గర కూర్చున్నవారికి అది గుడ్డ అని ఎవరూ చెప్పలేదు, పైగా చూపించినందుకు డబ్బు తీసుకున్నారు. నా కోపం అంతా ఆ డబ్బు మీదే. చెర్వుగట్టు మీద అమావాస్య రాత్రి నిద్ర చేసి మనసు కుదుటపరచుకునే మనిషి మీద నాకు కోపం లేదు. ఆ మనిషిని పక్కకు పిలిచి ‘మీ అబ్బాయి నాతో మాట్లాడాడు, ఇరవై వేలు అవుతుంది’ అనేవాడి మీద ఉంది.

ఎర్ర దీపం కూడా ఈ దుకాణంలోనే దొరికింది, అది నిజంగా నిధి. మూతపడిన ఒక ఫొటో స్టూడియో చీకటి గదిలోని దీపం. పాత ఫొటో పలకలకు ఎర్ర వెలుగు పట్టదు, అందుకే చీకటి గదిలో ఎర్ర దీపం ఉండేది. మధ్యవర్తులకూ అదే ముద్దు. తెల్లటి వెలుగు హఠాత్తుగా పడితే ఎక్టోప్లాజం ఒంట్లోకి దూసుకుపోయి ప్రాణం తీస్తుందని చెప్పేవారు. 1956లో నాటింగ్‌హామ్‌లో పోలీసులు దాడి చేసిన కొన్ని వారాలకు డంకన్ చనిపోతే, ఆ దాడే చంపిందని ఆమె అభిమానులు ఇప్పటికీ అంటారు. ఆ దీపం కింద తెల్లటి మల్లు గుడ్డకు లేత మాంసపు రంగు వస్తుంది, నేత గీతలు మాయమవుతాయి. నాటకం చివర మేము ట్యూబులైటు వేస్తాం, గుడ్డ గుడ్డగా కనబడుతుంది. వేరే మాటలేవీ చెప్పనక్కరలేదు. దీపం అద్దె 150, తీగకు పైతొడుగు ఊడిపోతోంది కాబట్టి నేను సొంత డబ్బుతో మార్పించాను. ఇది దుకాణం చేయవలసిన పని. పిల్లలు ముట్టుకునే సామాను విషయంలో ఇంత నిర్లక్ష్యం తగదని కొడుకుకు గట్టిగానే చెప్పాను.

పెద్దాయన స్టూడియోల గురించి మరో సంగతి చెప్పారు. పూర్వం ఒకే మనిషిని రెండుసార్లు ఒకే పలక మీద తీసి, తానే కృష్ణుడు తానే అర్జునుడుగా బొమ్మలు చేయించుకునేవారట నటులు. ఆత్మల ఫొటోల కిటుకు కూడా అదే. బోస్టన్‌లో విలియం మమ్లర్ 1860లలో మొదలుపెట్టాడు. లింకన్ భార్య కూర్చుంటే వెనుక లింకన్ నిలబడి భుజాల మీద చేతులు వేసినట్టు తీసింది అతడే. 1869లో అతని మీద కేసు నడిచింది, నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ ఫొటోల్లో లింకన్‌కు పదార్థం లేదు, ఒట్టి వెలుగు. ఎక్టోప్లాజం వచ్చాక వెలుగుకు ఒళ్లు వచ్చింది.

వెలుగు సంగతి పిల్లలకు చెప్పడానికి నాకు వేరే సామాను అక్కరలేదు, పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలపు గుడి. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు తిరుగుతాడు, నీడ తిరగదు. ఎదురుగా ఏ స్తంభం దగ్గర నిలబడినా నీడ చెరగదు. ఏ ఒక్క స్తంభానిదో కాదు గనుక చెరగదు, బయటి వెలుగు చెదిరి పలు దిక్కుల నుంచి పలు స్తంభాల మధ్యగా లోపలికి వచ్చే తీరులో అది ఏర్పడుతుంది. నాటకం వేసే రోజు ఉదయం పిల్లలను అక్కడికి తీసుకెళ్లి చూపించాను. అది కట్టినవారు ఎవరి దగ్గరా రహస్యానికి రుసుము అడగలేదు. చూసినవాడికి గౌరవం పెరుగుతుంది, విప్పి చెప్పినా తగ్గదు. మా నాటకం చూసి వెళ్లేవారికి కూడా అదే జరగాలని నా కోరిక.

దుకాణంలో మిగతా లోపాలు కూడా చెప్పాలి. నల్ల తెర ఇచ్చారు గానీ పన్నెండు అడుగులు అని చెప్పింది కొలిస్తే పదే ఉంది, నడుమ రెండు చోట్ల ఎలుక కొట్టిన రంధ్రాలు. చీకటి గది చూపించే నాటకానికి రంధ్రాల తెర పనికిరాదు, వెనుక దుప్పటి కట్టుకున్నాం. రసీదు అడిగితే తెల్ల కాగితం మీద రాసి ఇస్తారు. తెరిచే వేళ పదకొండు అంటారు, పన్నెండు లోపు వెళితే మెట్ల మీద కూర్చోవాలి. శివరాత్రికి ముందు, శ్రీరామనవమికి ముందు వెళితే పౌరాణిక బృందాల రద్దీలో మిమ్మల్ని పట్టించుకునేవారు ఉండరు. పెద్దాయన మధ్యాహ్నం రెండు తర్వాత ఇంటికి వెళ్లిపోతారు. ఆయన లేనప్పుడు వెళితే కొడుకు పొగ యంత్రమే అంటగడతాడు.

మల్లు గుడ్డను వాళ్లు అద్దెకివ్వరు, అమ్ముతారు. గజం 90 రూపాయలు, గంజి పోగొట్టి ఆరబెట్టి ఇవ్వాలంటే ముందు రోజు చెప్పాలి, దానికి డబ్బు తీసుకోలేదు. మాకు నాలుగు గజాలు సరిపోయింది, రెండు గజాల చొప్పున రెండు ముక్కలు చేస్తే ఒకటి ఆరేలోపు రెండోది వాడుకోవచ్చు. గుడ్డను నిజంగా నోట్లో పెట్టించకండి, పిల్లలతో అసలే వద్దు. గొంతుకు అడ్డం పడితే ప్రాణం పోతుంది. గడ్డం కింద మెడకు కట్టిన నల్లటి చిన్న సంచిలో పెట్టి, చేయి అడ్డం పెట్టుకుని అక్కడి నుంచి దింపాలి. ఎర్ర దీపంలో ఎవరికీ తెలియదు. ఆ సంచి కూడా పెద్దాయనే కుట్టించి ఇచ్చారు, 40 రూపాయలు. ప్రతి ప్రదర్శన తర్వాత గుడ్డను సబ్బు లేకుండా వేడినీళ్లలో ఉతకండి. సబ్బు మిగిలితే మడతలు ఒకదానికొకటి జారిపోయి గుడ్డ ఒక్కసారిగా పడిపోతుంది.